డిస్పాచ్‌కు జర్మన్ మాట

"లండన్ నుంచి ఒక్క వాక్యం," అంటూ బాస్ క్లాపర్ట్ కేబుల్‌ను బల్లమీద తోశాడు. "డిస్పాచ్ లార్క్ అట్ వన్స్."

పశ్చిమ బెర్లిన్, 1962 నవంబరు. లార్క్ అంటే క్యాబరే గాయని ఉల్రికె. తూర్పువాళ్ల పాసుతోనే గోడ దాటి వచ్చి, వాళ్ల రహస్యాలు మనకు చేరవేసే డబుల్ ఏజెంట్.

"డిస్పాచ్ అంటే?" అడిగాడు ఏజెంట్ పాష్.

"డిక్షనరీ చూశానయ్యా. ఎర్లేడిగెన్. ముగించెయ్యమని. లండన్ దొరలు చంపమని నోరారా అంటారా? మర్యాదస్తులు కదా."

ఆమె సమాచారమే పాష్‌ను రెండుసార్లు చావు నుంచి తప్పించింది.

మధ్యాహ్నం స్టేషన్ బెంచీమీద గుడ్డివాడి వేషంలో కూర్చున్నాడు. నల్లద్దాలు, తెల్లకర్ర. కర్రలో సైలెన్సర్ తుపాకీ.

"ఈ కాఫీ తాగితే బతుకుతామా?" పక్కన కూర్చుంటూ అడిగింది ఉల్రికె. అది కోడ్.

"చక్కెర వేస్తే బతుకుతాం."

"మొహం అలా పెట్టావేంటి? ఎవరు పోయారు?"

పాష్ కర్ర మొనను ఆమె వైపు తిప్పాడు. వేలు మీటమీదికి చేరింది. అంతలో తూర్పుకు వెళ్లే బండి వచ్చి ఆగింది.

తలుపు దగ్గర తటపటాయిస్తున్న ముసలాయన్ని ప్లాట్‌ఫారం ఉద్యోగిని కసిరింది. "ఎక్కుతారా, దిగుతారా? బండి పంపించాలి నేను."

పాష్ వేలు ఆగిపోయింది. యుద్ధఖైదీగా ఇంగ్లండులో పాలక్యాన్లు మోసిన రోజుల్లో, అక్కడి స్టేషన్ మాస్టరు బండి పంపించడాన్నే డిస్పాచ్ అనేవాడు. ఎర్లేడిగెన్ కాదు. పంపించెయ్, అంతే.

ప్రాణం లేచివచ్చింది. "నిన్ను వెంటనే వెనక్కి పంపమన్నారు," అన్నాడు.

ఉల్రికె నవ్వలేదు. "తూర్పువాళ్లకి నా సంగతి తెలిసిపోయింది పాష్. ఆ మాట చెప్పడానికే వచ్చాను."

"అయితే వెళ్లకు."

"నా కూతురు అక్కడే ఉంది కదా. నేను వెళ్లకపోతే దాన్ని పట్టుకుపోతారు."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. పాష్‌కు ఏడుపొచ్చింది. ఆమె అతని నల్లద్దాలు సరిచేసి, లేచి బండెక్కింది.

ఆఫీసులో క్లాపర్ట్ తలెత్తాడు. "అయిందా?"

"మీరు తప్పు అర్థం తీశారు సార్. పంపించెయ్యమని. పంపించేశాను."

"హమ్మయ్య. ఎంత పొరపాటు జరిగేది! డిక్షనరీలో రెండూ ఉన్నాయి మరి. నేను మొదటిది చూళ్లేదు."

"దిగులు పడకండి," అన్నాడు పాష్, కర్రను మూలకు ఆనించి. "రెండోది తూర్పువాళ్లు చూసుకుంటారు."