ఏడుస్తున్నంతసేపే

పొద్దున్నే కూతురు మందుల షాపుకు బయల్దేరుతూ, "అమ్మా, చిట్టి లేస్తే గోరువెచ్చని నీళ్లు పట్టించు. ఒళ్లింకా కాలుతూనే ఉంది," అంది.

"వెళ్లిరా. నేను పిల్లని పెంచలేదా ఏమిటి?" అంది తల్లి.

కూతురు తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

ఆ తల్లి ఫొటోగ్రాఫరు. కూతురి చిన్నప్పటి ఫొటోలతోనే నాలుగు దేశాల్లో పేరు తెచ్చుకున్న మనిషి. వాటిలో అన్నిటికన్నా పేరుపడ్డది ఒకటుంది. ఆరేళ్ల పిల్ల మెట్ల మీద ముడుచుకుని వెక్కివెక్కి ఏడుస్తున్న ఫొటో. పసిపిల్ల కన్నీళ్లను గోడకెక్కించే హక్కు నీకెవరిచ్చారని పత్రికల్లో కొందరు దుమ్మెత్తిపోశారు. "నేనేదీ చెప్పి చేయించలేదు. ఉన్నది ఉన్నట్టు తీశాను. నిజాన్ని చూడలేనివాళ్లు కళ్లు మూసుకోండి," అన్నదే ఎప్పుడూ ఆవిడ జవాబు. వచ్చే నెలలో మళ్లీ ఆ ఫొటోలతోనే పెద్ద ప్రదర్శన.

చిట్టి లేచింది. అమ్మ కనబడకపోయేసరికి ఏడుపు లంకించుకుంది. కిటికీలోంచి పడ్డ ఎండలో, జ్వరానికి కందిన ఆ బుగ్గలు చూసేసరికి, నీళ్ల గ్లాసు వైపు వెళ్లాల్సిన అమ్మమ్మ చేయి కెమెరా వైపు వెళ్లింది. పక్కన కూర్చుని రెండు ఫొటోలు తీసేలోగా ఏడుపు సన్నగిల్లింది. ఆవిడ కెమెరా దించి లేవబోయింది.

"అమ్మమ్మా, ఇంకాసేపు ఏడవనా?" అంది చిట్టి.

గుమ్మంలో మందుల సంచితో కూతురు నిలబడి ఉంది. లోపలికొచ్చి పిల్లకు నీళ్లు తాగించి, మందు వేసి, తల్లిని వంటగదిలోకి రమ్మంది.

"ఆ మాట దానికెవరు నేర్పారే?" అంది తల్లి.

"నాకెవరు నేర్పారమ్మా?"

"నువ్వెప్పుడూ వద్దనలేదు. తియ్యనా అని అడిగే తీసేదాన్ని."

"వద్దంటే లేచి ఫొటోలు కడిగే గదిలోకి వెళ్లిపోయేదానివి. తలుపేసుకుంటే మళ్లీ సాయంత్రమే. నేను ఏడుస్తున్నంతసేపే నా దగ్గర కూర్చునేదానివి." కూతురు స్టవ్ వైపు తిరిగింది. "మెట్ల మీద పడ్డ రోజు, నువ్వు ఫొటో తీసేసరికే మోకాలి నొప్పి తగ్గిపోయింది. నువ్వు వెళ్లిపోతావని ఏడ్చాను."

తల్లి కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్లూ లోకానికి చెప్పిన జవాబు తనకే అబద్ధమనిపించింది. ఫోన్ తీసి ప్రదర్శనవాళ్లకు చేసింది.

"ఆ మెట్ల ఫొటో పెట్టొద్దు."

"అది లేకపోతే ప్రదర్శనే లేదండీ."

"అయితే ప్రదర్శనే వద్దు. ఆపేయండి."

"ఇప్పుడు ఆపేస్తే ఏమొస్తుందమ్మా? అందరూ చూసేశారు," అంది కూతురు. ఆ మాటలో కోపం లేదు. అదే తల్లిని కోసింది.

"ఏమీ రాదు. తెలుసు," అని ఆవిడ లేచింది.

చిట్టి మెలకువగానే ఉంది. అమ్మమ్మ మంచం మీద చేరి, దాన్ని ఒళ్లోకి లాక్కుంది.

"ఏడవకపోయినా నీ దగ్గరే ఉంటాను తల్లీ. ఎక్కడికీ పోను."

గుమ్మం దగ్గర కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట ఎవరికి చెప్పిందో తల్లీకూతుళ్లిద్దరికీ తెలుసు. ఆమె మెల్లగా వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుని, తల్లి మోకాలికి తల ఆనించింది.