ఆలూరు లైనులో మొదటి బిందె

ప్రేమజ్యోతి భయమల్లా ఒక్కటే: తాను ఇంట్లో లేని పూట బిడ్డ పాలసీసాలోకి ఏ నీళ్లు పోతాయో అని.

డిపార్ట్‌మెంట్ ఫైల్లో ఆమె పేరు ఏజెంట్ కొడవలి. పరిగెత్తే గూడ్సు బండి మీద విదేశీ గూఢచారిని తాడుతో కట్టేసిన మనిషి. అలాంటిది, కర్నూలులో బస్సు దిగేలోపే అమ్మకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. వాడు పాలు కక్కాడా? పడుకున్నాడా? బోర్లా పడుకోలేదు కదా?

కర్నూలు బజారులో శనగనూనె అంగడి. ముందు గదిలో డబ్బాలు కొలిచే శెట్టి కేశవయ్య, వెనక గదిలోకి వస్తే చీఫ్ కేశవయ్య. ఆయనే తలుపు గడియ పెట్టాడు.

"పొద్దున రాజంపేటలో జ్ఞానేశ్వర్‌ను చంపేసినారు. లారీ. నంబరు ప్లేటు లేదు."

జ్ఞానేశ్వర్ అంటే నీటి పథకాల కంప్యూటర్లు చూసే ఇంజనీరు. డిపార్ట్‌మెంట్ మనిషే.

"ఎవరు సార్?"

"ఆర్కిడ్." సముద్రం అవతల కూర్చుని ఇక్కడి ఊళ్లకు ఉరి బిగించే ముఠా అది. "చచ్చేముందు ఒక మెసేజ్ పెట్టినాడు. ఆలూరు పంప్‌హౌస్‌లో క్లోరిన్ ఎంత కలపాలో చెప్పే సాఫ్ట్‌వేర్ ఉండాదే, దాని రెడీమేడ్ ప్యాకేజీని కల్తీ చేసినారు. పోయిన అప్‌డేట్‌లో లోపలికి దూరింది. ఈ సాయంత్రం అయిదుకు ఊరికి వాల్వ్ తెరుచుకుంటానే క్లోరిన్ వంద రెట్లు దూకుతాది."

ఆలూరు. ప్రేమజ్యోతి బిడ్డ ఉన్నది అక్కడే, అమ్మమ్మ విశ్వాసమ్మ దగ్గర.

"కరెంటు పీకేస్తే?"

"క్లోరిన్ కలిపే డోసింగ్ పంపుకూ, వాల్వ్ మోటరుకూ బ్యాటరీ ఉండాది. చేత్తో మూద్దామన్నా, వాల్వ్‌కు ఉండే చేతిచక్రాన్ని ఎవరో కోసుకుపోయినారు."

"ఊళ్లో చాటింపు వేయిస్తే?"

"వారం దినాలుగా నాలుక తడవని ఊరు. నీళ్లు కంటపడినాక మన మాట ఎవరు ఇంటారమ్మా?" కేశవయ్య ఒక బేబీ పౌడరు డబ్బా చేతిలో పెట్టాడు. "దీని అడుగున పెన్‌డ్రైవ్ ఉండాది. దాంట్లో ఆ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్, అంటే దాని అసలు రాత ఉండాది. అది ఓపెన్ సోర్స్. సోర్స్ కోడ్‌ను లోకమంతా చూస్తాంటాది కాబట్టి దాని జోలికి పోలేకపోయినారు. కల్తీ అంతా ప్యాకెట్‌లోనే. జ్యోతమ్మా, ప్యాకెట్ కారం నమ్మొద్దు. మిరపకాయలు తీసుకుపోయి, మర ముందర నిలబడి నువ్వే పట్టించు. ఆ సోర్స్‌ను పంప్‌హౌస్ కంప్యూటర్ మీదే కంపైల్ చెయ్యి. ఆడ మన మనిషి శ్రీవాసవి కలుస్తాది. గుర్తు మాట తెలుసు కదా?"

జీపులో ఆలూరు చేరేదాకా ప్రేమజ్యోతి అమ్మకు ఫోన్ చేస్తూనే ఉంది. రింగవుతోంది, ఎత్తరు. నీళ్లొచ్చే రోజు ఆలూరులో ఫోన్ ఎత్తే ఆడదుండదు. ఊరంతా బిందెలతో కొళాయిల దగ్గరే ఉంటుంది.

పంప్‌హౌస్ ముందు నీళ్లు పరీక్షించే నర్సులా తెల్లకోటుతో, శాంపిల్ సీసాలతో దిగింది. ఆపరేటర్ ఓబుళేశు ఆమెను చూసి పక్కకు తుపుక్కున ఉమ్మాడు.

"మల్లా శాంపిలా సిస్టరమ్మా? నీళ్లు లేనప్పుడు ఒక్కరూ రారు. ఇడిచే రోజు మాత్రం సీసాలెత్తుకుని దిగబడతారు."

వెనకే నల్లకారు ఆగి, ఒకామె దిగింది. చలువ కళ్లద్దాలు, గాలిని కమ్మేసే సెంటు, దుమ్ము తాకని చెప్పులు.

"బనగానపల్లె కాయ దిగిందా?" అంది ప్రేమజ్యోతి.

"దిగింది. పులుపు చావలేదు." గుర్తు మాట సరిపోయింది. శ్రీవాసవి ఆమెను ఎగాదిగా చూసింది. "భుజం మీద పాల మరక. ఏజెంట్‌ను పంపమంటే ఆయాను పంపారా?"

"నీ సెంటుకు ఈగలే పారిపోతాండాయి. పని చూడు."

"చూస్తాను. నాది ఈ ఊరే, ఆలూరులోనే పుట్టి పెరిగాను." ముగ్గురూ లోపలికి రాగానే శ్రీవాసవి బ్యాగులోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీసి కంప్యూటర్ బల్ల మీద పెట్టింది. "హెడ్డాఫీసు పంపిన కొత్త ప్యాకేజీ. డబుల్ క్లిక్ చేస్తే చాలు. సోర్స్ నుంచి కట్టుకుంటూ కూర్చుంటే ఇక్కడే అయిదు కొడుతుంది."

చెప్పి, చేతుల దుమ్ము కడుక్కోవడానికి గోడ కొళాయి తిప్పింది. ఎర్రగా తుప్పునీళ్లు దూకాయి. తేటబడే దాకా వాటిని కాలువలోకి వదిలేసి, అప్పుడు చేతులు పెట్టింది.

ఓబుళేశు చెయ్యి దానంతటదే బకెట్ వైపు పోయింది. ప్రేమజ్యోతి చూపు కొళాయి మీదే ఆగింది.

"అక్కా, మీ ఇంట్లో మొదటి నీళ్లు ఏం చేస్తారు?"

"పారబోస్తాం. తుప్పు కదా."

"ఆలూరులో పుట్టిన పిల్ల తుప్పునీళ్లకే ముందు బిందె పెడతాది. గిన్నెలకు, బర్రెకు, ఆఖరికి కాళ్లకు. కాలువలోకి ఇడిచే ఆడది ఈ ఊర్లో ఇంకా పుట్టలేదు. ఎవరికి పని చేస్తాండావే?"

శ్రీవాసవి నవ్వు ఆరిపోయింది. చేతిలోకి పిస్టల్ వచ్చింది. "ఆర్కిడ్‌కు. వెనక్కి జరుగు, ఆయా."

ప్రేమజ్యోతి పౌడరు డబ్బాను ఆమె ముఖం మీదికి గట్టిగా నొక్కింది. తెల్లటి మబ్బు లేచింది. గుండు పైకప్పులో దిగింది. ఓబుళేశు పైపు పానాతో శ్రీవాసవి మణికట్టు మీద ఒక్కటిచ్చి, మోటరు తాడుతో ఆమెను స్తంభానికి కట్టేశాడు.

"నా నీళ్లు కాలువలో పోసినప్పుడే అనుకుంటి, ఇది మంచి మనిషి కాదని!"

ప్రేమజ్యోతి డబ్బా అడుగు విప్పి, పెన్‌డ్రైవ్ పెట్టింది. కట్టడానికి కావలసినవన్నీ ఉన్నాయా అని చూసే కాన్ఫిగర్ ఆదేశం కొట్టింది. స్క్రీన్ మీద వరసలు పరుగెత్తి, టక్కున ఆగాయి. ఎర్రర్. అవసరమైన లైబ్రరీ, అంటే ఈ ప్రోగ్రామ్ ఆనుకునే కోడ్ ముక్క ఒకటి, మిషన్‌లో లేదు.

కళ్లు నులుముకోను చేతుల్లేక, శ్రీవాసవి కన్నీళ్లతోనే నవ్వింది. "ఆ లైబ్రరీ పొద్దునే తీసేశాను. నెట్ కేబుల్ కూడా కోసేశాను. ఇంక ఏడ్చుకో, నీ బిడ్డ కోసం."

ప్రేమజ్యోతి మళ్లీ కొట్టింది, అదే ఎర్రర్. పాలసీసా కళ్ల ముందు తిరిగింది.

"సిస్టరమ్మా," అన్నాడు ఓబుళేశు, "పోయిన అప్‌డేట్ హెడ్డాఫీసోళ్లు ఎక్కించిందే గానీ, జ్ఞానేశ్వర్ సారు ఏదీ రెడీమేడ్ ఎక్కించేటోడు కాదు. అన్నీ ఈడనే కట్టేటోడు. కట్టినంక ఆ సరుకు తీసేయండప్పా, జాగా తింటాండాది అంటే వింటేనా? యాడనో దాసిపెట్టినాడు చూడు."

వెతికింది. జ్ఞానేశ్వర్ ఫోల్డర్. అందులో లైబ్రరీ సోర్స్ మొత్తం ఉంది, ముట్టినవాళ్లు లేరు. చచ్చిపోయిన మనిషి అలవాటు ఆమె కోసం అక్కడ కాచుకుని ఉంది.

ముందు లైబ్రరీ కట్టింది. మళ్లీ కాన్ఫిగర్. ఈసారి ఎక్కడా ఆగలేదు. మేక్. కోడ్‌ను ప్రోగ్రామ్‌గా కట్టే పని మొదలై, ఫ్యాన్ రొద పెట్టింది. ఒక్కో ఫైలూ నత్తలా కదులుతోంది. బయట వాల్వ్ మోటరు గుర్రుమని తిరగడం మొదలైంది. గోడ మీద డోసింగ్ ముల్లు ఎర్ర గీత వైపు లేచింది.

మేక్ ఇన్‌స్టాల్ కొట్టి, కట్టినదాన్ని ఎక్కించింది. పాత ప్రోగ్రామ్‌ను ఆపి కొత్తదాన్ని లేపింది.

ముల్లు ఎర్ర గీతను తాకబోయి, తడబడి, కిందికి వాలింది. పచ్చగీత దగ్గర కుదురుకుంది. పైపులో ఆలూరు నీళ్లు హోరుమన్నాయి.

ఫోన్ మోగింది. కేశవయ్య. "అయిందా?"

"పట్టించినా సార్. మర ముందరే నిలబడి. శ్రీవాసవి ఆర్కిడ్ మనిషి, స్తంభానికి కట్టేసినాం."

"శభాష్. అట్లే రాజంపేటకు పో. ఆ లారీ దొరికింది."

"సార్, ఇల్లు ఈడనే. ఒక్కసారి పోయి..."

"ఆ డ్రైవర్ పారిపోతే నువ్వు తెస్తావా?" లైన్ కట్.

ఇంటికి పంపుదామంటే, ఓబుళేశు నీళ్లు ఆగేదాకా మోటరు వదిలి రాడు. అమ్మ ఇంకా ఫోన్ ఎత్తడం లేదు. జీపు కదిలింది.

కాబట్టి, మీలో ఎవరైనా ఆలూరు పక్క పోతుంటే, చర్చి వెనక నీలం డ్రమ్ములున్న ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగండి. విశ్వాసమ్మ కొళాయి దగ్గర పోట్లాడుతుంటే పోట్లాడనివ్వండి. లోపల ఉయ్యాలలో పిల్లోడు, పేరు గాబ్రియేలు. నిద్రపోతుంటే లేపకండి. ఊపిరాడుతోందా అని మాత్రం ఒకసారి చూసి, వాళ్లమ్మకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి.