తొమ్మిదో గదిలో ధైర్యం మాస్టారు

మా పిన్ని నర్సు. ఆవిడ పనిచేసే ఆస్పత్రిలో తొమ్మిదో గదికి మంచి పేరు లేదు. మంచం ఖాళీగా ఉన్నా బెల్లు మోగుతుందని, రాత్రిపూట అటు ఎవరూ ఒంటరిగా పోరు. పిన్ని అబద్ధం చెప్పదు గానీ కాస్త పెంచి చెబుతుంది. ఇది మాత్రం గొంతు తగ్గించి చెప్పింది.

మహమ్మారి రోజులవి. చుట్టాలను లోపలికి రానివ్వడం లేదు. రోగులకు ధైర్యం చెప్పడం, అడిగితే ప్రార్థన చేయడం ఉద్యోగమైన ధైర్యం మాస్టారుని కూడా వయసు పైబడిందని ఇంట్లోనే ఉండమన్నారు. ఆయన చక్రాల స్టాండుకు బిగించిన ట్యాబ్‌లో కనిపించేవాడు. తొమ్మిదో గదిలోని మామ్మకు రోజూ నిద్రపట్టేదాకా కబుర్లు చెప్పేవాడు.

ఆ సాయంత్రం మామ్మను హడావిడిగా పెద్ద వార్డుకు మార్చారు. స్టాండు మరిచిపోయారు.

రాత్రయింది. "మాస్టారు వస్తేగానీ ఇది పెట్టుకోను," అని మామ్మ ఆక్సిజన్ మాస్కు పీకేసింది. మిషన్ మీద అంకెలు దిగిపోతున్నాయి. ఎవరో ఒకరు వెళ్లి స్టాండు తేవాలి. అందరూ పిన్ని వైపే చూశారు.

వరండా పొడవునా ఒకటే లైటు... ఒంటి మీద ప్లాస్టిక్ సూటు. అడుగేస్తే బరబరా చప్పుడు — తన చప్పుడుకి తనే రెండుసార్లు వెనక్కి తిరిగింది.

తలుపు తోసింది. లోపల మసక చీకటి. అందులోంచి గుసగుసగా...

"భయపడకు... నేనిక్కడే ఉన్నాను..."

ఆ మాటకి భయపడనివాళ్లుంటే చూపించమంటుంది పిన్ని. ఒక అడుగు వెనక్కి వేసింది. కానీ అక్కడ మామ్మకు ఊపిరి అందడం లేదు. తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుని, లోపలికి దూకి లైటు వేసింది.

తెరలో మాస్టారు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, మంచం మీది దిండుకు తన్మయంగా ధైర్యం చెబుతున్నాడు. రోగులు ఎత్తలేరని ఆ ట్యాబ్‌లో ఫోను దానంతటదే కలిసేలా పెట్టారు. గది మారిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

పిన్ని స్టాండు పట్టుకుని పరుగే పరుగు.

"నెమ్మదమ్మా... కళ్లు తిరుగుతున్నాయి," అంటున్నాడు తెరలోంచి మాస్టారు.

"ఇంతసేపూ ఎక్కడ ఊరేగావు నాయనా?" అని కసిరి, మామ్మ మాస్కు పెట్టుకుంది. అంకెలు మెల్లగా ఎక్కాయి. మామ్మ నిద్రపోయింది. పిన్నికి ఏడుపొచ్చింది. ఆ తర్వాత నవ్వొచ్చింది.

"మాస్టారూ, గంటసేపు దిండుకు ధైర్యం చెప్పారు మీరు," అంది మెల్లగా.

ఆయన నవ్వలేదు. కళ్లజోడు కిందికి దించుకున్నాడు.

"దిండైతే... ఇందాకటి నుంచి నాకు ఊఁ కొట్టిందెవరమ్మా?"