బురద కింద సాంచ

సూరత్ దగ్గర హజీరా దాటాక ఖాడీ ఒడ్డున, అంటే సముద్రపు పాయ ఒడ్డున, ఒక విరిగిన జెట్టీ ఉండేది. పగలు చూస్తే ఏముంది, కుళ్లిన కొయ్య స్తంభాలు, ఒక రాళ్లకుప్ప. కానీ పొద్దుగూకితే ఉధ్నాలో మగ్గాల పనికి వచ్చిన మనవాళ్లెవరూ దాని పేరు కూడా ఎత్తేవారు కాదు. అక్కడ బురద కింద సాంచ నడుస్తుందని చెప్పుకునేవారు. సాంచ అంటే మరమగ్గం. మనిషి ఉండడు, కరెంటు ఉండదు... టక్ టక్ టక్ టక్ అని చప్పుడు మాత్రం వస్తుంది.

దాన్ని నడిపేది అంబదాస్ అని కూడా తేల్చేశారు. అంతకు ముందటేడు ఎండాకాలం అతను అక్కడికే చేపలకు పోయి నీళ్లలో కొట్టుకుపోయాడు. పాపం, చచ్చినవాడికి కూడా నైట్ షిఫ్టు తప్పించలేదు మనవాళ్లు!

ఈ సంగతి నాకు చెప్పింది మా నర్సింగం మామ. ఆయనా అంబదాసూ ఒకే కార్ఖానాలో పక్కపక్క సాంచల మీద పనిచేసేవారు. రాత్రి షిఫ్టులో మామ నిలబడే కునుకు తీసేవాడు. ఆ మోతలో అరిస్తే ఎవరికి వినిపిస్తుంది? అందుకని అంబదాస్ వచ్చి మామ సాంచను బంద్ చేసేవాడు. చప్పుడుకు అలవాటుపడి నిద్రపోయినవాడు చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేస్తాడు, సాంచల మధ్య బతికినవాళ్లకు ఇది తెలిసిందే. మామ కళ్లు తెరవకుండానే "ఆఁ... లేచిన అంబదాస్" అనేవాడు.

మామకు ఒక పిచ్చి ఉంది. ఏటా ఎండాకాలంలో ఒక కొత్త రకం చేపను పట్టాలి, అంతవరకు తన గాలానికి పడని రకం. మా సిరిసిల్ల మానేరు వాగులో కొర్రమట్ట, వాలుగ, జెల్ల చిన్నప్పుడే అయిపోయాయి. ఇక్కడి తాపీ నదిలోవి కూడా అయిపోయాయి. సూరత్‌కు ప్లేగు వచ్చిపోయిన రెండో ఎండాకాలం, సుమనత్త పిల్లల్ని తీసుకొని సిరిసిల్లకు పెండ్లికి బయల్దేరింది. రైలెక్కుతూ మామ చెయ్యి పట్టుకుంది.

"ఏడికన్న పో. ఆ జెట్టీ కాడికి మాత్రం పోకు. అంబదాస్ పెండ్లాం బతుకు సూస్తలేవా? నన్ను గూడ గట్ల జేస్తవా?"

మామ బుద్ధిమంతుడిలా తలూపాడు. రైలు కదిలింది, ఆయన బుర్ర కూడా కదిలింది. ఎవరూ పోని చోటే కదా ఎవరూ పట్టని చేప ఉండేది!

మర్నాడు సాయంత్రం ఒక్కడే ఖాడీ దగ్గర దిగాడు. నీళ్లు దూరంగా, సన్నటి పాయలా ఉన్నాయి. మధ్యలో అంతా బురద. మామ చెప్పులు నడుముకు కట్టుకొని, బురదలో కాళ్లు పీకుతూ చిట్టచివరి స్తంభం దాకా పోయాడు. రాళ్లకుప్ప మీద కూర్చొని, గాలం తాడు మణికట్టుకు చుట్టుకొని, స్తంభానికి వీపు ఆనించాడు. మానేరు ఒడ్డున పుట్టినవాడు కదా... నీళ్లు సాయంత్రం ఎక్కడుంటే తెల్లారినా అక్కడే ఉంటాయనుకున్నాడు. సముద్రం లేచి వస్తుందని అప్పటికి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

చీకటి పడింది. గాలి లేదు. ఒక్క చేపా కొరకలేదు. బీడీ ముట్టించాడు, పారేశాడు, మళ్లీ ముట్టించాడు. పోదామా అనుకున్నాడు... ఇంకొంచెం చూద్దామనుకున్నాడు.

అప్పుడు — వీపులో ఏదో కదిలింది.

చెవులతో విన్నది కాదు. సాంచల మోతకు మామ చెవులు ఎప్పుడో సగం పోయాయి. కొయ్య స్తంభంలోంచి వీపులోకి, వీపులోంచి ఎముకల్లోకి... టక్ టక్ టక్ టక్.

మామ స్తంభం మీద అరచెయ్యి పెట్టాడు, సాంచ సరిగ్గా నడుస్తోందా అని కార్ఖానాలో పెట్టి చూసినట్టే. నడుస్తోంది. బురద కింద సాంచ నడుస్తోంది!

"అంబదాస్..." అని గుసగుసగా పిలిచాడు.

లేచి పారిపోవాలి. కానీ అంజన్న పేరు తలుచుకుంటూ స్తంభాన్ని కరుచుకొని కూర్చున్నాడు. మరి దాన్ని ఏమనాలో, ఇరవై ఏళ్లు ఆ చప్పుడులోనే కునుకు తీసిన ఒళ్లు అది. భయపడుతూ భయపడుతూనే... నిద్రపోయాడు.

ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది.

"ఆఁ... లేచిన అంబదాస్!"

తన నోటి నుంచి వచ్చిన ఆ మాటకు మామ ఒళ్లు జలదరించింది. కళ్లు తెరిస్తే నడుము దాకా నీళ్లు. బురద లేదు, రాళ్లకుప్ప లేదు. ఒడ్డు వైపు కూడా నల్లటి నీళ్లు బుసకొడుతూ పోతున్నాయి. సుమనత్త మాట గుండెలో గుచ్చుకుంది. "ఓ సుమనా!" అని అరుస్తూ ఒక్కో స్తంభాన్నీ పట్టుకుంటూ, నీళ్లు మింగుతూ, ఈదుతూ ఒడ్డున పడ్డాడు.

పడ్డవాడు పడ్డట్టే ఉన్నాడు. ఇంతలో మణికట్టు తాడు గుంజింది. లాగాడు. తాడు చివర ఏదో బరువు... దాన్ని రెండు చేతులా పట్టుకోగానే —

టక్ టక్ టక్ టక్!

సాంచ ఆయన చేతుల్లోనే నడుస్తోంది! మామ కెవ్వున కేకపెట్టి దాన్ని విసిరికొట్టాడు. ఆ కేకకు పక్కన పడవలో పడుకున్న మగన్‌కాకా అనే ముసలి మచ్చీమార్, అంటే చేపలు పట్టేవాడు, లాంతరు పట్టుకొచ్చాడు. వెలుతురులో చూస్తే బంగారు రంగు చేప, పొట్ట అదిరిస్తూ మోగుతోంది.

"ఘోల్ చేప" అని నవ్వాడు కాకా. "గుంపుగా వస్తే నీళ్లకింద డోలు వాయిస్తాయి. మేం తెడ్డుకు చెవి ఆనించి విని, వల వేస్తాం."

మామకు నవ్వాగలేదు. ఇన్నాళ్లు ఊరంతా వణికింది చేపలకా! ప్రాణం దక్కింది, దెయ్యం తేలిపోయింది, పైగా కొత్త చేప! తడిబట్టలతోనే కాకా ఇచ్చిన చాయ్ తాగుతూ మాటవరసకు అడిగాడట, పోటు రాగానే అవి చప్పుడు ఆపేస్తాయి కదా అని.

"ఆపడమేంటి?" అన్నాడు కాకా. "అవి వచ్చేదే పోటుతో. నీళ్లు ఎక్కేకొద్దీ ఇంకా మోగుతాయి. తెల్లారేదాకా ఆగవు... వింటున్నావు కదా, ఇప్పుడు కూడా."

మామ గ్లాసు కింద పెట్టి, పడవ అంచు మీద అరచెయ్యి ఆనించాడు. టక్ టక్ టక్ టక్.

"మరి నా సాంచ ఎవలు బంద్ జేసిండ్రు కాకా?"

ముసలాయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. మామ మాత్రం జెట్టీ వైపు చూస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. ఆ చేపను మళ్లీ నీళ్లలో వదిలేసి, ఉన్న ఒక్క బీడీని ఆరబెట్టి, అంబదాస్‌కని ముట్టించి, స్తంభాల వైపు తిప్పి రాయి మీద పెట్టి వచ్చాడు.