నిరుటి గొంతు

టిఫినుకు ఉగ్గాని చేద్దామని నానబెట్టిన బొరుగులు పిండుతుండగా ముందు గదిలోంచి విశాలాక్షికి భర్త గొంతు వినిపించింది. చేతిలో బొరుగులు చేతిలోనే ఉండిపోయాయి. పక్షవాతం వచ్చి రామకృష్ణయ్యకు మాట పడిపోయి ఆ రోజుకు ఇరవై రోజులు.

"రేపే పత్తి తీసుకరాండప్పా. ఎల్లుండి నుంచి ధర పడేటట్లుంది."

పరుగున వెళ్లి చూస్తే మాట్లాడుతున్నది ఫోను. దాన్ని పట్టుకున్నది పెద్దకడుబూరు రైతు బసవన్న. ఎదురుగా ఆమె కొడుకు గణేష్ తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు.

"సావుకారిని పిలువమ్మా," అన్నాడు బసవన్న. కూర్చోమన్నా కూర్చోలేదు. "సోమవారం గ్రూపులో ఈ మాట పెట్టినాడు. మా ఇంటామె హులిగెమ్మ ఆగమన్నాది, నేనే ఇనలేదు. సావుకారి సెప్పినాడని మా వీధోళ్లతో గూడా అమ్మించినాను. మర్నాటి నుంచి ధర ఎక్కతానే ఉంది. అందరూ నన్ను తిడ్తాండారు. ముప్పై ఏండ్లలో ఆయప్ప ఒక్క అబద్ధం సెప్పలేదు. ఇప్పుడెందుకు సెప్పినాడో అడిగి పోతాను."

"సోమవారమా? ఆయనకు నోరు పడిపోయి ఇరవై రోజులైంది బసవన్నా. మీకు తెల్దా?"

"బెంగళూరుకు పోయినాడని గణేషు సెప్పినాడు. ఈపాటికి వచ్చింటాడని వస్తిని."

ఆదోని పత్తి యార్డులో వాళ్ల కమీషను మండీకి ఉన్న పేరంతా రామకృష్ణయ్య నోటి వల్ల వచ్చిందే. ధర పెరిగేలా ఉంటే తన కమీషను ఆలస్యమైనా సరే, ఆగమని చెప్పేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అంత మంచి నోరు మూతపడగానే కన్నకొడుకే దాన్ని బజారుకెక్కించాడు.

"ఇది నిరుటి దీపావళికి ఆయన పెట్టిన మాట కదరా," అంది విశాలాక్షి.

"అయితే ఏమి? మిల్లుకు లోడ్లు ఒప్పుకున్నాను. పత్తి రావాల. ధర పెరుగుతాదని నేను కలగన్నానా?"

"పడుతుందని మాత్రం ఎట్ల చెప్పించినావు?"

"యాపారంలో అందరూ చేసేదేమ్మా. నీకు తెల్దు, నువ్వు వంటింట్లోకి పో."

విశాలాక్షికి ఒళ్లు మండింది. "పోను. తిండి లేకుంటే పస్తులుందాం. మంచంలో పడున్న మనిషి నోరు దొంగిలిస్తావా?"

"మరి నేనేం చేయాల? నా గొంతు ఎవడు నమ్ముతాడు?" గణేష్ అరిచాడు. "నాయన మంచాన పడినాడని తెలిస్తే మన గడప ఒక్కడన్నా తొక్కుతాడా?"

లోపలి గదిలో దబదబమని చప్పుడైంది. రామకృష్ణయ్య అంతా విన్నాడు. ఎడమచేత్తో మంచం పట్టె బాదుతున్నాడు. ముగ్గురూ లోపలికి వెళ్లారు. వంకరపోయిన ఆ మూతి చూసి బసవన్న తలగుడ్డ తీశాడు. మొహంలో కోపం మాత్రం అలాగే ఉంది.

రామకృష్ణయ్య కొడుకు జేబులోంచి తన ఫోను లాక్కున్నాడు. తడుముకుంటూ రైతుల గ్రూపు తెరిచి, గణేష్ బొటనవేలు పట్టి మైకు గుర్తు మీద నొక్కిపెట్టాడు.

గణేష్ ఫోను మీదికి వంగి చెప్పాడు.

"నేను గణేష్‌ని. నాయనకు నోరు పడిపోయింది. సోమవారం మీరు విన్నది నిరుటి మాట. దాన్ని పంపించింది నేను. తప్పు నాది, మీకైన నష్టానికి జవాబుదారీ నాది. మండీకి వచ్చి నన్నే అడగండి."

పక్కనుంచి తండ్రి "ప్పా... ప్పా" అని ఏదో అనబోయాడు. అది కూడా అందులో పడింది. వేలు తీయగానే మెసేజ్ వెళ్లిపోయింది.

బసవన్న ఫోను మోగింది. ఆ మెసేజ్ ఆసాంతం విన్నాడు.

"నిన్ను నేనింకా నమ్మలేదు గణేషూ. మల్లా పత్తి ఈడికి తెస్తానో లేదో సెప్పలేను," అన్నాడు. తర్వాత చివర్లోని ఆ "ప్పా... ప్పా" ముక్క మళ్లీ పెట్టుకుని విని, మంచం అంచున కూర్చున్నాడు. "ఇది మాత్రం సావుకారి మాటే. మా వీధిలో అందరికీ ఇనిపిస్తాను."

గణేష్ తండ్రి కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. రామకృష్ణయ్య ఎడమచేయి మెల్లగా వెళ్లి కొడుకు తల మీద ఆగింది. విశాలాక్షి కొంగుతో భర్త పెదవి తుడిచింది, తన కళ్లు తుడుచుకోవడం మరిచిపోయింది.