పానకంలో దొరకని పుడక

అనంతపురంలో అనంతంగా దొరికేది ఎండ ఒక్కటే. కేసులు తగ్గి కేశాలు నెరిసిన ప్రైవేటు డిటెక్టివ్ శ్రీరంగప్ప ఆఫీసులో రెండు కుర్చీలున్నాయి. ఒకటి ఆయనది, రెండోది వచ్చేవాళ్లది. ఎవరూ రారు కాబట్టి దాన్లో అసిస్టెంటు ఓబిలేష్ కూర్చుని ఆయన్ని ఆరాధిస్తుంటాడు.

ఆ మంగళవారం మాత్రం లేవాల్సి వచ్చింది. బెళుగుప్ప పక్క పల్లె నుంచి అరవై దాటిన రామక్క వచ్చింది. కుర్చీ చూపిస్తే నేల మీద కూచుంది.

"సారూ, ఆదివారం లోపల ఊరిడిచి పొమ్మన్నారు. నేను విషం పెట్టినానంట."

"పెట్టినావా?"

"పెట్టింది పానకం సారూ!"

భర్త పోయి ఆరేళ్లు. పిల్లల్లేరు. ఆయన పేరు మీద ఏటా పీర్ల పండక్కి, నిప్పుల గుండం చుట్టూ అలాయి చిందు ఆడేవాళ్లకు ఆమె దోసిళ్లలో బెల్లం పానకం పోస్తుంది. ఊరు ఆమెతో మాట్లాడేది ఏడాదికి ఆ ఒక్కరోజే. ఈసారి పండగైన నాలుగోరోజుకల్లా పందొమ్మిది ఇళ్లలో కళ్లు పచ్చబడ్డాయి. సురేంద్ర అనే రైతు భార్య ఆశ్రిత ఎనిమిదో నెల గర్భిణి. ఆస్పత్రిలో ఒళ్లెరగకుండా పడుంది.

"నువ్వు తాగినావా?"

"తాగినా. నాకేం కాల్యా. అదే నా తప్పంట."

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఆ ఊరికి రామక్క ఒక్కతే నల్లగా కనిపించింది.

ఆస్పత్రి వరండాలో సురేంద్ర దొరికాడు.

"వాంతులు ఎప్పటినుంచప్పా?"

"పండగ ముందురోజు నుంచి. అన్నం చూస్తే చాలు, తిప్పేది. జరం. ఒంటేలు డికాక్షన్ మాదిరి పోయింది. కళ్లు పచ్చబడింది మాత్రం ఆ ముసిల్దాని పానకం తాగినాకే!"

శ్రీరంగప్ప రక్తపరీక్ష కాగితం చూశాడు. హెపటైటిస్ ఇ అనే కామెర్ల రోగం. కాగితం తిరిగిచ్చి బస్సెక్కాడు.

రామక్క ఇంట్లో అలమర మీద పది గ్లాసులు బోర్లించి ఉన్నాయి. తొమ్మిదింటి మీద దుమ్ము. వాకిట్లో కొళాయి మూతికి సాలెగూడు.

"నీళ్లు రావా?"

"వారానికొకసారి ఇడుస్తారు సారూ. అందరికీ మోటార్లుండాయి, నా దాకా రాకముందే పీల్చుకుంటారు. నేను బడికాడ బోరింగు కొట్టి తెచ్చుకుంటా. ఉప్పునీళ్లు. అందుకే బెల్లం ఎక్కువేస్తా."

"మీకు అర్థమైపోయింది సార్!" అన్నాడు ఓబిలేష్ పరవశంగా.

"నాకు ఇప్పుడే అర్థమైందప్పా. సాలీడుకు ఎప్పుడో అర్థమైంది."

శనివారం నీళ్లొచ్చే వేళకు శ్రీరంగప్ప పిలిస్తే ఊరంతా సురేంద్ర వాకిట్లో చేరింది. ఆస్పత్రిలో అత్తను కూర్చోబెట్టి సురేంద్ర కూడా వచ్చాడు. మురికికాలవలో నీళ్లపైపు మునిగి ఉన్నచోట ఓబిలేష్ సీసాడు నీలిమందు పోశాడు. మోటార్లన్నీ ఆపి కొళాయి తిప్పితే సన్నగా, తేటగా ధార. మోటార్లు వేయగానే బకెట్లో నీళ్లు నీలంగా తిరిగాయి.

ముందున్నవాళ్లు బకెట్లోకి వంగి చూశారు.

"పైపు పగిలుండాది," అన్నాడు శ్రీరంగప్ప. "మీ మరుగుదొడ్ల గొట్టాలు ఈ కాలవలోకే. అయిదు వారాల కింద వానకు కాలవ పొంగింది. మీరు మోటారేసి లాగితే పైపు దాన్ని లోపలికి పీల్చింది. దొడ్లో పోయింది దోసిట్లోకి వచ్చింది! ఈ రోగం నోట్లోకి పోయినాక రెండు వారాలనుంచి రెండు నెలలదాకా దాక్కుంటాది. నాలుగు రోజుల్లో బయటపడదు. ఆశ్రితమ్మకు పండగ ముందే మొదలైంది. పానకంలో పుడక వెతికినారు, కొళాయిలో కుళ్లు చూసుకోలేదు."

"అయితే ఎవురు చేసినట్టు సార్?" ఎవరో అడిగారు.

"మోటారున్న ప్రతివాడూ. తెలిసి కాదులే. ఆ మోటార్లు ఇప్పుడే పీకండి. పైపు మార్చేదాకా కాచిన నీళ్లే తాగండి. కడుపుతో ఉండేవాళ్లకు ఇది ప్రాణాంతకం, మరిచిపోవద్దు."

సురేంద్ర ముందుకొచ్చాడు. "మరి ఆ ముసిల్దానికి ఎట్ల రాలేదు?"

"మీరు ఆమెకు చుక్క మిగల్చలేదు కాబట్టి."

జనం జారుకున్నారు. రామక్కతో ఒక్కరూ మాట్లాడలేదు. తప్పు ఒప్పుకోవడంకంటే తప్పుకోవడం సులువు. శ్రీరంగప్ప, ఓబిలేష్ ఆమె అరుగు మీద బస్సు కోసం కూర్చున్నారు. బస్సు ఇంకా గంటకుగానీ లేదు.

సురేంద్ర ఖాళీ సీసాతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "అవ్వా... ఆశ్రిత పొద్దున కండ్లు తెరిచి నీళ్లడిగింది. నీ బోరింగు నీళ్లు కాచి ఇస్తావా?"

రామక్క పొయ్యి అంటించింది. ఒక గ్లాసు తీసి దుమ్ము కడిగింది.

"కాగేదాకా కూచో నాయనా."

అతను లోపలికెళ్లి కూచున్నాడు. ఆరేళ్ల తర్వాత ఆ ఇంటి వాకిట్లో ఊరివాడి చెప్పులు ఉన్నాయి.

డిటెక్టివ్ కళ్ల నుంచి ఏదీ తప్పించుకోదు. ఆమె ఇటు చూసి, అటు చూసి, పొయ్యిలోంచి ఒక కట్టె మెల్లగా వెనక్కి లాగి మంట తగ్గించడం ఆయన చూశాడు. ఓబిలేష్‌కు మాత్రం చెప్పలేదు.