రెండో భాగంలోనూ అదే తలుపు

ఆ రోజు వైజాగ్‌లో వాన ఎంత గట్టిగా కురిసిందంటే, బీచ్ రోడ్డు చేపలు మద్దిలపాలెం డిపో దాకా ఈదుకొచ్చి గాజువాక బస్సెక్కాయట. బస్సెక్కిన మాట కొందరు నమ్మరు. టిక్కెట్టు తీసుకోలేదన్న మాట మాత్రం అందరూ నమ్ముతారు.

ఆ వానలోనే డిపో ఎదుట చందు నడిపే గేమ్ సెంటర్‌లోకి ఒక పసుపు గొడుగు వచ్చింది. గొడుగు కింద యశస్విని. యూనివర్సిటీలో ఎంసీఏ ఆఖరి సంవత్సరం. ఇల్లు స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో. వాన తగ్గాక బస్సు పట్టుకుందామని ఆగింది. గొడుగు తలుపు కొక్కేనికి తగిలించి, గోడ మీద 'కోట' గేమ్ పోస్టరు చూసింది.

"కోట రెండో భాగం వచ్చేసిందాండీ?"

ఆ ఒక్క ప్రశ్నకి చందు చొక్కా గుండీలు బిగుసుకున్నాయి. కోట మొదటి భాగాన్ని అతను ఆడినన్నిసార్లు, దాన్ని తయారుచేసినవాళ్ళు కూడా ఆడి ఉండరు. రెండో భాగం వస్తుందని ఏళ్ళ తరబడి ఊరంతా డప్పు కొట్టినవాడూ అతనే.

"నిన్ననే దిగిందండి. మొదటిదానికి పదింతలు పెద్దది," అన్నాడు, ఆ కోటకి ఇటుకలు తనే మోసినట్టు.

యశస్విని కూర్చుని ఆడింది. వాన సన్నబడింది. ఆమె ముఖమూ సన్నబడింది. చివరికి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది.

"పెద్దది కాదండి ఇది. ఒకే గదిని మళ్ళీ మళ్ళీ అతికించారు. అదే తలుపు, అదే నీలం డ్రమ్ము, అదే మూలన బూజు. లెవెల్ మారితే గోడకి రంగు మారింది, అంతే."

"అలగేటుంటాదండి. మీరే దారి తప్పీసి ఒక్క సోటే గిర్రున తిరుగుతన్నారేమో. ఆడపిల్లలకి మ్యాపులు కొంచెం..."

ఆమె లేచి, కుర్చీని అతని వైపు నెట్టింది.

"కూర్చోండి. మీరిప్పుడు ఏ లెవెల్లో ఉన్నారో చెప్పండి చాలు."

చందు కూర్చున్నాడు. ఎడమకి తిరిగాడు, నీలం డ్రమ్ము. కుడికి తిరిగాడు, నీలం డ్రమ్ము. మెట్లెక్కాడు, అక్కడా అదే డ్రమ్ము అతన్ని బంధువులా పలకరించింది.

"రెండోదండి," అన్నాడు. తర్వాత, "కాదండి, నాలుగు."

"ఏడు."

చందు మౌస్ వదిలేశాడు.

"పుట్టి పెరిగింది క్వార్టర్స్‌లోనండి. ఒకేలా ఉండే ఇళ్ళ సంగతి నాకు తెలీదా?" అంది ఆమె, కాస్త మెత్తబడి. "ఒకటో క్లాసులో బడి నుంచి తిన్నగా వేరేవాళ్ళింటికి వెళ్ళి, ఉప్మా తిని పడుకున్నాను. లేచి చూస్తే గోడ మీద మా తాతగారి ఫొటో లేదు. అప్పుడు ఏడ్చాను. ఇల్లు గోడల వల్ల తెలియదండి, గోడకి ఏముందో దాన్ని బట్టి తెలుస్తుంది. ఈ గేమ్‌లో అదే లేదు."

"మరెప్పుడొస్తారండి?"

"కొత్తది ఉంటే వస్తాను. ఇదే ఉంటే రాను."

వాన పూర్తిగా వెలిసిపోవడంతో ఆమె గొడుగుని కొక్కేనికే మర్చిపోయి వెళ్ళిపోయింది.

చందు ఆ గొడుగుని చూశాడు, స్క్రీన్ మీది డ్రమ్ముని చూశాడు. గేమ్ సీడీలోనే, మనకి కావలసిన లెవెల్ మనమే కట్టుకునే ఏర్పాటు ఒకటుంది. ఎవరూ దాని జోలికి పోరు. కోట కట్టినవాళ్ళకి చేతకాకపోతే తనే కడతాడు. ఆమె నోటితో 'ఇది వేరు' అనిపించాలి. అంతే.

ఏం కట్టాలో ఆలోచించనక్కరలేదు. అతని ఇల్లు మల్కాపురం. ఆ సందుల్లో ఒక గుమ్మంలా ఇంకో గుమ్మం ఉంటే ఒట్టు. అరువు కెమెరాతో ప్రతి గోడా ఫొటో తీశాడు. కట్టింది కూలిపోయింది, మళ్ళీ కట్టాడు. కళ్ళు ఎంత ఎర్రబడ్డాయంటే, కరెంటు పోయినప్పుడు వీధివాళ్ళు అతన్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని ఆ వెలుతుర్లో భోంచేశారట.

ఒకనాడు వాళ్ళమ్మ అప్పాయమ్మ కొట్టుకి వచ్చి స్క్రీన్‌లోకి తొంగి చూసింది. "ఏట్రా, మన వీధిని టీవీలో ఎట్టీసినావు? పక్కింటి నూకాలు ఎండుసేపలు కూడా ఆరబోసీసినావు. మరి ఆ పసుపు గొడుగు ఎవులిదిరా?"

"కస్టమర్‌దే అమ్మా."

"కస్టమర్‌దా," అంది అప్పాయమ్మ, కొడుకు చెవుల రంగు చూస్తూ.

కట్టడం పూర్తయ్యాక ఒకరోజు గొడుగు కోసం యశస్విని వచ్చింది.

"గేమ్‌లో దాసీసినానండి," అన్నాడు చందు. "ఆడితే దొరుకుతాది."

ఆమె నవ్వాపుకుని కూర్చుంది. ఒక సందులో రిఫైనరీ మంట, ఒక సందులో ఎండుచేపలు, ఇంకోచోట పోర్టు డ్యూటీ దిగినవాళ్ళ సైకిళ్ళు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తప్పిపోలేదు. చివరి సందు చివర ఒక గేటు. గేటు మీద విప్పిన పసుపు గొడుగు.

"ఇది వేరు," అంది మెల్లగా. గేటు మీద క్లిక్ చేసి, "ఇది తెరుచుకోదేం?"

"అది నా సేతిలో లేదండి. తెరిసీ మనిసి తెరవాల."

బయట వాన లేదు. అయినా ఇద్దరూ తడిసినట్టే కూర్చున్నారు.

"ఆ గేటు సంగతి ఆదివారం మా నాన్నగారిని అడగండి," అంది యశస్విని లేస్తూ. "సెక్టారు చెబుతాను, నంబరు చెప్పను. వీధులు కట్టారు కదా, ఇల్లు వెతుక్కోండి." అతను బల్ల కిందనుంచి తీసిన అసలు గొడుగుని లాక్కుని వెళ్ళింది.

ఆదివారం ఎండ మండిపోతోంది. అన్నీ ఒకటే ఇళ్ళు. చందు చెమట తుడుచుకున్నాడు గానీ వెనక్కి తిరగలేదు. తాతగారి ఫొటో గుర్తొచ్చింది. కిటికీల్లోంచి చూసుకుంటూ వెళ్ళి, ఒక గోడ మీద మీసాల తాతగారు కనిపించగానే లోపలికి నడిచాడు. ఇంటావిడ ఆదిలక్ష్మమ్మ కాఫీ ఇచ్చింది. తాగి, గొంతు సవరించుకుని అన్నాడు.

"మీ అమ్మాయిని నాను పెళ్ళి సేసుకుందామనుకుంతన్నానండి."

"నాకిద్దరూ మగపిల్లలే బాబూ. నువ్వెవులి పిల్ల కోసమొచ్చినావు?"

"యశస్విని అండి. గోడ మీద తాతగారున్నారని..."

"తాత ఫొటో లేని ఇల్లుంటాదేటి బాబూ," ఆదిలక్ష్మమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అచ్యుతరామయ్యగారి పిల్లా? ఆయనా ఇంతే. కొత్తలో డ్యూటీ దిగి మా ఇంటికొచ్చీసి, కాఫీ ఏదే అని నన్ను కేకలేసినాడు. ఈది సివరికెల్లు. మబ్బు తునక లేకపోయినా పొద్దుట్నుంచీ గేటుకి గొడుగు విప్పి కట్టీసినారు."

చందు పరుగులాంటి నడకతో వెళ్ళాడు. గేటు మీద పసుపు గొడుగు. గేటు తెరిచే ఉంది.

అచ్యుతరామయ్యగారిది తణుకు వైపు. మాట నెమ్మది. అంతా విన్నారు.

"బానే ఉందయ్యా. కానీ పెళ్ళంటే రోజూ అదే గది, అదే తలుపు. మా అమ్మాయికి విసుగెక్కువ. ఏం చేస్తావు?"

"గది మార్సలేనండి," అన్నాడు చందు, తలొంచకుండా. "గదిలో రోజుకొకటి మారుత్తాను. మీయమ్మాయి కనిపెట్టాల."

ఆయన మీసం కింద ఏదో కదిలింది. "కాఫీ తీసుకురావే," అన్నారు లోపలికి.

యశస్విని గ్లాసుతో వచ్చింది. గ్లాసులో మజ్జిగ.

"ఆదిలక్ష్మమ్మగారు ఫోన్ చేశారు," అంది, అతని చేతికిస్తూ. "కాఫీ అక్కడ తాగేశారట కదా. రెండో ఇంట్లోనూ అదే ఇస్తే ఎలాగండీ?"